మూడు వేల సామెతలు, ఒక జామీను సంతకం

ఆదివారం ఆరాధన ముగిశాక పిల్లలకు బైబిల్ క్విజ్ పెట్టడం తెలుగు సంఘాల్లో పాత అలవాటు. చాపల మీద రెండు జట్లు ఎదురెదురుగా కూర్చుంటాయి. సొలొమోను చెప్పిన సామెతలెన్ని? ప్రశ్న పూర్తికాకముందే ఒక చెయ్యి లేస్తుంది. మూడు వేలు! కీర్తనలెన్ని? వెయ్యిన్ని అయిదు! చప్పట్లు మోగుతాయి, గెలిచిన జట్టుకు తలా ఒక పెన్ను దక్కుతుంది.

అదే సమయంలో మందిరం బయట చెప్పులు వెతుక్కుంటూ ఒకామె పక్కనామెను మెల్లగా అడుగుతుంది. "అక్కా, మా తోడికోడలు లోనుకు జామీను పడుమంటున్నది. పడాల్నా, వద్దా?" పక్కనామె అటూ ఇటూ చూసి, "ప్రార్థన చేసుకో చెల్లే" అంటుంది. అంతకంటే ఏం చెప్పాలో ఆమెకూ తెలియదు.

విచిత్రమేమిటంటే, లోపల పిల్లలు ఏ సొలొమోను లెక్క అప్పజెప్పారో ఆ సొలొమోను పేరున్న సామెతల గ్రంథంలోనే, ఆరో అధ్యాయం మొదటి అయిదు వచనాల్లో, సరిగ్గా జామీను సంగతే ఉంది. పొరుగువాడికి పూటపడి ఇరుక్కుంటే నిద్ర మానుకుని మరీ పోయి బయటపడమని చెప్పే భాగం అది. లోపల లెక్క ఉంది, బయట అవసరం ఉంది. మధ్యలో ఒక గడప అడ్డం. బైబిల్ జ్ఞానం సంఘాల్లో ఎలా పెరుగుతుందన్న ప్రశ్న అసలు ఆ గడప దగ్గర పుట్టాల్సింది.

కామారెడ్డి జిల్లాలో, నిజాంసాగర్ పక్కన కొత్తగా మండలమైన మహమ్మద్‌నగర్ నుంచి ఎల్లారెడ్డి మీదుగా మెదక్ దాకా ఉన్న ఈ మంజీర ప్రాంతం ఆ ప్రశ్నకు మంచి చోటు. క్రైస్తవుల జీవితం మీద అరుదైన పరిశోధన ఈ చుట్టుపక్కలే జరిగింది. దాని సంగతికి వచ్చేముందు ఒక మాట గురించి చెప్పుకోవాలి.

హీబ్రూలో జ్ఞానాన్ని 'హోఖ్మా' అంటారు. మనకు జ్ఞానం అనగానే గడ్డాలు పెంచిన ఋషో, తత్వాలు పాడే వేమనో గుర్తుకొస్తారు. బైబిల్లో ఈ మాట తగిలే చోట్లలో ఒకటి మాత్రం పనివాళ్ల మధ్య ఉంటుంది. నిర్గమకాండంలో బెసలేలు అనే ఆయనకు దేవుడు 'హోఖ్మా' ఇచ్చాడు. దేనికి? బంగారం, వెండి, ఇత్తడి పని చేయడానికి, రాళ్లు చెక్కడానికి, కొయ్య మలచడానికి. అంటే మన మేస్త్రీ భాషలో చెప్పాలంటే పనితనం. గోడ వంకరగా లేస్తుంటే కంటితోనే పట్టే నేర్పు. బతుకు విషయంలోనూ ఆ నేర్పే జ్ఞానం. ఎప్పుడు మాట్లాడాలి, ఎప్పుడు నోరు మూసుకోవాలి, ఎవరితో పొత్తు పెట్టుకోవాలి, ఏ తూకం దొంగది, ఏ గెట్టు జరిపారు... సామెతల గ్రంథం నిండా ఇవే.

ఆ గ్రంథానికి తెలుగు అనువాదకులు పెట్టిన పేరు కూడా గమనించాల్సిందే. వాళ్లు దానికి బరువైన సంస్కృత పదం వెతకలేదు, 'సామెతలు' అన్నారు. ముసలమ్మలు అరుగు మీద కూర్చుని వాడే మాట అది. కెప్టెన్ ఎం.డబ్ల్యు.కార్ 1868లో తెలుగు సామెతలను సంపుటంగా అచ్చు వేయించాడు. ఆయన పోగుచేసినవీ ఈ కోవ మాటలే. బైబిల్ పండితులు ఇంకో సంగతి చెబుతారు. సామెతలు 22వ అధ్యాయం మధ్య నుంచి సాగే భాగానికీ, ఈజిప్టులో ఆమెనెమోపే అనే పెద్దమనిషి కొడుక్కి చెప్పిన హితబోధకూ దగ్గరి పోలికలున్నాయి. పేదవాణ్ణి దోచుకోవద్దన్నదీ, హద్దురాయి జరపవద్దన్నదీ రెండు చోట్లా ఉంటుంది. ఇశ్రాయేలు వాళ్లు పక్క దేశపు మంచి మాట వినడానికి సిగ్గుపడలేదన్న మాట. వేమన పద్యం వచ్చిన తాతను 'అది లోకజ్ఞానం' అని పక్కన కూర్చోబెట్టే సంఘాలు ఈ సంగతి మీద కాస్త ఆలోచించాలి.

ఇక మంజీర దగ్గరికి.

ఇరవయ్యో శతాబ్దం మొదటి భాగంలో ఇక్కడ రెండు పెద్ద రాతి కట్టడాలు లేచాయి. ఒకటి నిజాంసాగర్ ఆనకట్ట. 1923లో మొదలై 1931లో పూర్తయింది. రెండోది మెదక్ చర్చి. వెస్లియన్ మెథడిస్టు మిషనరీ చార్లెస్ వాకర్ పాస్నెట్ దాన్ని కరువు రోజుల్లో తలపెట్టాడు. పనికి వచ్చినవాళ్లకు తిండి దొరికేలా చూశాడు. 1914 నుంచి పదేళ్లు పట్టింది. 1924 డిసెంబరు 25న తెరిచారు. శిఖరం 175 అడుగులు, లోపల అయిదు వేల మంది పడతారు. చూడవచ్చేవాళ్లు ముందుగా రంగుటద్దాల కిటికీల దగ్గర ఆగిపోతారు. క్రీస్తు పుట్టుక, సిలువ, ఆరోహణం అనే మూడు ఘట్టాలు ఎండ పడినంతసేపూ వెలుగుతుంటాయి.

ఆ కిటికీలను అందం కోసమే అనుకుంటే పొరపాటు. అక్కడికి వచ్చిన జనంలో ఎక్కువమందికి చదువు రాదు. మాల, మాదిగ వాడల నుంచి వచ్చినవాళ్లు, పగలంతా దొరల పొలాల్లో పనిచేసేవాళ్లు. బైబిల్ వాళ్లకు పుస్తకంగా అందలేదు. బొమ్మగా, పాటగా, కంఠతగా అందింది. రాత్రి పనులు ముగిశాక గుడ్డి దీపం ముందు కూర్చోబెట్టి సువార్తికుడు ఒక వాక్యం చెబితే వాళ్లు తిరిగి చెప్పాలి. పరలోక ప్రార్థన, పది ఆజ్ఞలు, విశ్వాస ప్రమాణం, నాలుగైదు కథలు, ఇరవై ముప్పై పాటలు. అదే వాళ్ల గ్రంథాలయం.

పాట సంగతి వేరేగా చెప్పాలి. 1803లో పుట్టిన పురుషోత్తమ చౌదరి మొదలు ఎందరో కవులు రాసిన 'ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు' పుస్తకం తెరిస్తే చాలా కీర్తనల పైన రాగం, తాళం అచ్చేసి ఉంటాయి. అవి ఇంగ్లీషు ట్యూనుకు తెలుగు మాటలు అతికించిన సరుకు కాదు. ముసలమ్మలు ఆ కీర్తనలను చరణాలతో సహా చూడకుండా పాడతారు. డోర్నకల్‌లో 1912 నుంచి బిషప్పుగా ఉన్న వి.ఎస్.అజరయ్య తమిళుడు. భారతీయుల్లో మొదటి ఆంగ్లికన్ బిషప్పు ఆయనే. తెలుగు నేర్చుకుని మరీ, గ్రామ సంఘం తన భాషలో, తన పద్ధతిలో నిలబడాలని పట్టుబట్టాడు. డోర్నకల్ కెతీడ్రల్ చూస్తే మసీదు గుమ్మటం, గుడి స్తంభం కలగలిసి ఉంటాయి. కట్టడానికి పట్టిన పాతికేళ్లూ ఆయన తొందరపడలేదు. 1939లో ప్రతిష్ఠ జరిగింది.

ఇంత పాటా, ఇంత కంఠతా కలిపి జనానికి ఏం ఇచ్చాయి? దీన్ని ఊహతో వదిలేయకుండా వెళ్లి చూసినవాళ్లున్నారు. పి.వై.ల్యూక్, జాన్ బి.కార్మన్ 1959లో మెదక్ డయాసిస్‌లోని వడియారం పాస్టరేటు కింద జంగరాయి చుట్టుపక్కల పల్లెల్ని పట్టుకున్నారు. హైదరాబాదు నుంచి కామారెడ్డి పోయే రైలు ఆ వడియారం మీదుగానే పోతుంది. కార్మన్ తల్లిదండ్రులు హనుమకొండలో అమెరికన్ బాప్టిస్టు మిషనరీలు. ఆయనే తర్వాత హార్వర్డులో ప్రపంచ మతాల అధ్యయన కేంద్రానికి అధిపతి అయ్యాడు. వీళ్ల పుస్తకం 1968లో వచ్చింది. గ్రామ క్రైస్తవుడు నమ్మేదేమిటి, పండుగ వస్తే ఏం చేస్తాడు, పిల్లకు జ్వరం వస్తే ఎవరి దగ్గరికి పోతాడు అన్నవి వాళ్ల ప్రశ్నలు.

వాళ్లకు కనిపించిన బొమ్మ డయాసిస్ నివేదికల్లో ఉండే బొమ్మ కాదు. పాట వచ్చు, ప్రార్థన వచ్చు, యేసు మీద ప్రేమ నిజమే. అయినా ఊరి పండుగలూ, అమ్మవారూ, పాత ఆచారాలూ మనసులోంచి పోలేదు. చాలామంది రెండు లోకాల్లోనూ కాలు పెట్టి బతుకుతున్నారు. ప్రెస్బిటరు (అభిషేకం పొందిన పాస్టరు) కింద ఊళ్లు ఎక్కువ కాబట్టి ఆయన రాక అరుదు. మిగతా రోజులు సువార్తికుడే దిక్కు.

దీన్ని చూసి 'పాపం, వీళ్లకు అర్థం కాలేదు' అనేసే బోధకులకు కొదవలేదు. కాస్త ఆగి చూస్తే వాళ్లకు కంఠత పట్టించారు గానీ వాళ్లు అడిగే చోటు కల్పించలేదనిపిస్తుంది. 'ఊరందరూ పోచమ్మకు బోనం ఎత్తుతుంటే నేను ఇంట్లో కూర్చోవాలా, చందా ఇవ్వకపోతే దొర రేపు పనికి పిలుస్తాడా?' ఇది పది ఆజ్ఞలు అప్పజెప్పినంత మాత్రాన తేలే ప్రశ్న కాదు. నలుగురు కూర్చుని తేల్చుకోవాల్సిన ప్రశ్న. అలా కూర్చోని చోట ప్రతి మనిషీ తన ఇంటి చీకట్లో తానే ఏదో ఒకటి తేల్చుకున్నాడు.

కార్మన్ యాభై ఏళ్ల తర్వాత అవే ఊళ్ల కథ మళ్లీ పట్టుకున్నాడు. ఈసారి తోడు చిల్కూరి వసంతరావు. ఆయన పాత నిబంధన పండితుడు, హైదరాబాదులోని ఆంధ్ర క్రైస్తవ వేదాంత కళాశాలకు ప్రిన్సిపాల్‌గా చేశాడు. వాళ్ల పుస్తకం 2014లో వచ్చింది. దాని పేరులోనే క్షీణత, పునరుజ్జీవం అన్న రెండు మాటలూ ఉన్నాయి. పాత సి.ఎస్.ఐ. (దక్షిణ ఇండియా సంఘం) మందిరాలు చాలాచోట్ల పలచబడ్డాయి. వాటి పక్కనే స్వతంత్ర సంఘాలు కొత్తగా లేచాయి. కొత్తగా వచ్చేవాళ్లను ఎందుకొచ్చావని అడిగితే ఎక్కువగా వినిపించే మాట 'స్వస్థత'. జబ్బు తగ్గింది, దయ్యం వదిలింది, కాబట్టి వచ్చాం.

స్వస్థతను తక్కువ చేసి మాట్లాడనక్కర్లేదు. ఆసుపత్రి దూరమైనచోట, అక్కడి బిల్లు అంతకంటే దూరమైనచోట, ఎవరో తల మీద చెయ్యేసి నీకోసం కన్నీళ్లు పెట్టడం చిన్న సంగతి కాదు. చిక్కు ఆ తర్వాత వస్తుంది. జబ్బు తగ్గనివాడి సంగతేమిటి? 'నీలో పాపం ఏదో ఉంది, ఒప్పుకో' అనే మాట ఎంత తేలిగ్గా నోట్లోంచి వస్తుందో చాలా ఉపవాస కూడికల్లో వినవచ్చు. పిల్లలు కలగని కోడలు, పంట ఎండిన రైతు, క్యాన్సరు వచ్చిన సంఘపెద్ద ఆ మాట కింద నలిగిపోతుంటారు.

బైబిల్ ఆ మాటకు జవాబుగా ఒక గ్రంథమే పెట్టుకుంది. యోబు గ్రంథం. యోబు స్నేహితులు ఎలీఫజు, బిల్దదు, జోఫరు వచ్చి ఏడు పగళ్లు, ఏడు రాత్రులు నేల మీద కూర్చుని నోరెత్తలేదు. వాళ్లు చేసిన మంచి పని అదొక్కటే! నోరు తెరిచాక అంతా సామెతల వరసే. మంచివాడికి మంచి, చెడ్డవాడికి చెడు, నీకు చెడు జరిగింది కాబట్టి నువ్వు చెడ్డవాడివి. చివర్లో దేవుడు మండిపడింది యోబు మీద కాదు, ఆ స్నేహితుల మీద. సామెతలు నమ్మకంగా చెప్పిన లెక్కను యోబు నిలదీస్తాడు. ప్రసంగి గ్రంథం ఆ రెంటినీ చూసి పెదవి విరుస్తుంది. మూడూ ఒకే అట్టల మధ్య ఉన్నాయి. ఒకే అధ్యాయంలో కూడా ఈ తగువు కనిపిస్తుంది. సామెతలు 26లో నాలుగో వచనం మూర్ఖుడికి బదులు చెప్పొద్దంటుంది, అయిదో వచనం చెప్పమంటుంది. కూర్చినవాడు నిద్రలో కూర్చలేదు. ఏ మూర్ఖుడికి, ఏ పూట అన్నది నువ్వే చూసుకో అంటున్నాడు. సామెతలు చదివి యోబును వదిలేసే సంఘం, తెలియకుండానే ఎలీఫజులను తయారుచేస్తుంది.

ఈ ప్రాంతంలోనే దానికి ఎదురు నిలబడ్డ పని ఒకటి జరిగింది. నిజామాబాదు దగ్గర డిచ్‌పల్లిలో 1915లో డాక్టర్ ఇసబెల్ కెర్, ఆమె భర్త జార్జి కెర్ కుష్ఠురోగుల ఆసుపత్రి మొదలుపెట్టారు. కుష్ఠు అంటే కర్మఫలమనో దేవుడి శాపమనో ఊరి బయటికి నెట్టేసే రోజులవి. వాళ్లు హిడ్నోకార్పస్ నూనె ఇంజెక్షన్లతో వైద్యం చేశారు, రోగులకు పని నేర్పారు, బతకడానికి చోటిచ్చారు. పెద్ద మొత్తంలో విరాళమిచ్చిన రాజా నర్సాగౌడ్ హిందువు. ఎవరి పాపం అని అక్కడ ఎవరూ విచారణ పెట్టలేదు. యోబు గ్రంథం మీద ఈ ప్రాంతంలో చేసిన గొప్ప ప్రసంగం ఏదంటే డిచ్‌పల్లి వార్డులనే చూపించాలి.

మరి ఇవాళ, ఆదివారం గంటన్నరలో ఒక సంఘం ఏం చేయగలదు?

కొత్తగా కనిపెట్టాల్సింది ఎక్కువేమీ లేదు. ఒంగోలు మిషన్ పేరు చెబితే అందరికీ గుర్తొచ్చే అంకె 2,222. 1878 జులై 3న ఒక్కరోజులో బాప్తిస్మం తీసుకున్నవాళ్ల సంఖ్య. ఆ మిషనరీ జె.ఇ.క్లౌ చేసిన ఇంకో పని అంకెల్లో ఇమడదు కాబట్టి ఎవరికీ గుర్తులేదు. మాదిగపల్లెల్లో పెద్దలు కూర్చుని తగువులు తీర్చే పంచాయతీ పద్ధతిని ఆయన కొట్టిపారేయలేదు. సంఘం నడపడానికి దాన్నే వాడుకున్నాడు. అమెరికా నుంచి తెచ్చిన కమిటీ నియమావళి కంటే చెట్టు కింద పెద్దల మాట వాళ్లకు అర్థమయ్యే దారి. కూర్చోవడం, వినడం, ఎదురు చెప్పడం, తేల్చడం వాళ్లకు ముందే వచ్చు. వాక్యాన్ని ఆ కూర్చోవడం మధ్యలోకి తీసుకురావడమే మిగిలింది.

చదివింది నలుగురిలో మాట్లాడుకుంటే ఏమవుతుందో తెలుగు దేశానికి బాగా తెలిసిన ఉదాహరణ ఒకటుంది. అది చర్చిలో జరిగింది కాదు. తొంభైల మొదట్లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాస్యత తరగతికి వచ్చిన ఆడవాళ్లు తాగుడు మీద పాఠం చదివారు. చదివి ఊరుకోలేదు. 'ఇది మా ఇంటి కథే' అన్నారు. సారా దుకాణం మూయించారు. అది జిల్లా దాటి పాకింది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. పాఠం ఎవరు రాశారో కొద్దిమందికే తెలుసు. దాని మీద ఆడవాళ్లు మాట్లాడుకున్న మాటలే చరిత్ర అయ్యాయి. ఎక్కడో నికరాగువాలో, సొలెంటినామె దీవుల్లో, ఎర్నెస్తో కార్దెనాల్ అనే కవి-పూజారి ఇలాగే చేశాడు. ఆదివారం ప్రసంగం మానేసి సువార్త భాగం చదివి, జాలర్లూ రైతులూ ఏమంటారో విన్నాడు. ఆ సంభాషణలు తర్వాత పుస్తకాలయ్యాయి.

ఇప్పుడు గడప దగ్గర వదిలేసిన ఆ జామీను ప్రశ్నను లోపలికి తీసుకొద్దాం. మన ఊళ్లలో 'సంఘం' అంటే రెండు. ఆదివారం పోయే సంఘం ఒకటి, పొదుపు డబ్బు కట్టడానికి పోయే మహిళా సంఘం ఇంకొకటి. చాలామంది ఆడవాళ్లు రెండింట్లోనూ సభ్యులే. రెండో సంఘం నడిచేదే ఒకరికొకరు పూచీ మీద. ఒకామె కంతు కట్టకపోతే మిగతావాళ్లు సర్దాలి. సామెతలు ఆరో అధ్యాయాన్ని అక్షరాలా పట్టుకుంటే రేపే సంఘంలోంచి బయటికి రావాలి. వస్తే అప్పు పుట్టదు. మైక్రోఫైనాన్స్ కంపెనీల వేధింపులు 2010లో ఎంత దూరం పోయాయో, ఆ అక్టోబరులో ప్రభుత్వం ఎందుకు ఆర్డినెన్సు తేవాల్సి వచ్చిందో ఆ ఆడవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు.

అప్పుడు సంఘం చేయాల్సింది ఒక్క వచనం మీద ఆగకపోవడం. ఆదికాండంలో యూదా తన తమ్ముడు బెన్యామీనుకు తానే పూటపడతాడు. ఆ పూచీ వల్లే విడిపోయిన కుటుంబం కలుస్తుంది. పౌలు ఫిలేమోనుకు రాసిన చిన్న ఉత్తరంలో, పారిపోయి వచ్చిన అతని దాసుడు ఒనేసిము అప్పు ఏదైనా ఉంటే తన లెక్కలో వేయమంటాడు. కతోలికుల బైబిల్లో ఉండే సీరా గ్రంథం ఇరవై తొమ్మిదో అధ్యాయం మంచివాడు పొరుగువాడికి పూచీ ఉంటాడంటుంది. మళ్లీ అదే ఊపిరిలో, దానివల్ల బాగున్న కుటుంబాలు కూలాయనీ హెచ్చరిస్తుంది. ఇవన్నీ ముందు పెట్టి, పాస్టరు పది నిమిషాలు నోరు మూసుకుని కూర్చోగలిగితే (ఇది కష్టమైన భాగం), మాట జనంలోంచి వస్తుంది.

"నేను పడ్డ పాస్టరయ్యా, మా ఆడబిడ్డకు. మూడు కంతులు నేనే కట్టిన."

"ఆడబిడ్డకు పడకపోతె ఇంట్ల ఉండనిస్తరా?"

"పడుడు గాదు. ఎంతకు పడుతున్నమో చూసుకోవాలె. మనం ఇడువగలిగినంతకే పడాలె."

ఇలాంటి మాటల్లో ఆ మూడోది వచ్చేదాకా ఆగాలి. అది ఏ వ్యాఖ్యాన గ్రంథంలోనూ లేదు. సామెతలకూ యూదాకూ మధ్య దారి వెతుక్కున్న మనిషి నోట వచ్చింది. బెసలేలు చేతిలోని పనితనం లాంటిదే ఇదీ.

ఇదే పద్ధతిలో గెట్టు పంచాయితీ మీద ఒక ఆదివారం, బెల్టు షాపు మీద ఇంకో ఆదివారం గడపొచ్చు. కోతలప్పుడు రూతు గ్రంథం తీస్తే 'పరిగె ఏరడం' అంటే ఏమిటో ఎవరికీ వివరించనక్కర్లేదు. హార్వెస్టర్లు వచ్చాక పరిగె ఎవరికి మిగులుతోందన్న ప్రశ్న మాత్రం కొత్తది. నిజాంసాగర్ కింద వరి కోసే ఊళ్లలో ఆ ప్రశ్న అడగడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

డబ్బు లెక్క దగ్గర జ్ఞానం త్వరగా బయటపడుతుంది, లేదా లేదని తెలిసిపోతుంది. డోర్నకల్ సంఘాల్లోనూ ఇతర తెలుగు సంఘాల్లోనూ ఆడవాళ్లు అన్నం వండే ముందు పిడికెడు బియ్యం తీసి పక్క కుండలో వేయడం అలవాటు. ఆదివారం ఆ బియ్యం మందిరానికి వస్తుంది. ఇచ్చేవాళ్లు బీదవాళ్లు కాబట్టి ఆ పిడికిలికి లెక్క చెప్పాల్సిన బాధ్యత పెద్దది. ఎంత వచ్చింది, ఎంతకు అమ్మారు, ఎక్కడ ఖర్చయిందన్నది నెలకోసారి అందరి ముందూ చదివే సంఘానికి దొంగ తూకాల మీద ప్రసంగం వేరే అక్కర్లేదు. సంఘ కమిటీలకు ఇంకో పాఠం రాజుల గ్రంథంలో ఉంది. సొలొమోను జనం మీద వెట్టి రుద్దాడు. ఆయన కొడుకు రెహబాము దగ్గరికి జనం వచ్చి బరువు తగ్గించమన్నారు. పెద్దలు తగ్గించమన్నారు, తోటి కుర్రాళ్లు పెంచమన్నారు. అతను కుర్రాళ్ల మాట విన్నాడు. రాజ్యం రెండుగా చీలింది. లోకంలోకెల్లా జ్ఞాని ఇంట్లోనే జ్ఞానం ఒక తరం కూడా నిలవలేదు. సొలొమోను లెక్కలు అప్పజెప్పే క్విజ్‌లో ఈ ప్రశ్న రావడం అరుదు.

కొన్ని ప్రశ్నలు మరీ కష్టమైనవి, వాటిని వేదిక మీద ఎవరూ ముట్టుకోరు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం దళితుడు క్రైస్తవుడైతే ఎస్సీ హోదా ఉండదు. మన రాష్ట్రాల్లో వాళ్లను బీసీ-సి కింద లెక్కిస్తారు. అందుకే కాగితం మీద ఒక మతం, ఆదివారం ఇంకో మతంగా బతికే ఇళ్లు ఎన్నో. ఇంటర్ చదివే కొడుకు సర్టిఫికెట్ కోసం అప్లికేషన్ నింపే తండ్రి మనసులో ఏం జరుగుతుందో పాస్టరుకు తెలుసు. అందరికీ తెలుసు. అబద్ధ సాక్ష్యం మీద వచనం చదివినప్పుడు మందిరంలో తలలు వంగుతాయి. ఆ తండ్రికి తిట్టూ వద్దు, దాటవేతా వద్దు. చట్టం తెచ్చిన ఇరకాటమని ఒప్పుకుంటూ, పెద్దలు అతనితో కూర్చోవాలి. సంఘంలోనే మాల, మాదిగ అని వేరుగా కూర్చునే అలవాటుంటే ముందు అక్కడి నుంచి మొదలుపెట్టాలి. ధనవంతుడికి మంచి చోటు, పేదవాడికి పాదాల దగ్గర చోటు చూపించే సంఘాన్ని యాకోబు పత్రిక రెండో అధ్యాయం మొదట్లోనే గట్టిగా దులిపేసింది.

పిల్లల క్విజ్ మానేయాలని ఇదంతా చెప్పడం లేదు. కంఠత మంచిదే. రాత్రి నిద్ర పట్టనివాడికి కీర్తనల్లోని వాక్యం పుస్తకం తెరవకుండానే గుర్తొస్తుంది. సామెతల గ్రంథానికి ముప్పై ఒక్క అధ్యాయాలు. ఏ తేదీకి ఆ అధ్యాయం చదివే ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి. దానికి ఒక చిన్న మార్పు చేయొచ్చు. పిల్లవాడు వచనం అప్పజెప్పాక, 'ఇది మన ఇంట్లో ఎప్పుడైనా జరిగిందా?' అని అడగడం. జవాబు ఇంట్లోవాళ్లకు ఒక్కోసారి ఇబ్బందిగా ఉండొచ్చు, అందుకు సిద్ధపడాలి.

ముప్పై ఒకటో అధ్యాయం మన క్రైస్తవ పెళ్లిళ్లలో తరచుగా వినిపిస్తుంది. పెళ్లికూతురు తల వంచుకుని నిలబడితే, పాస్టరు గారు గుణవతియైన భార్య గురించి చదువుతారు. తెల్లవారకముందే లేస్తుంది, ఇంటివాళ్లకు వండుతుంది, నూలు వడుకుతుంది. అత్తగారు సంతోషంగా తల ఊపుతుంది. ఆ చదవడం పదో వచనం దగ్గర మొదలవుతుంది. దానికి ముందున్న తొమ్మిది వచనాలు లెమూయేలు అనే రాజుకు అతని తల్లి చెప్పినవి. తాగుడు జోలికి పోకురా, నోరులేనివాళ్ల తరఫున నోరు విప్పురా, పేదవాడికి న్యాయం చెయ్యరా అని తల్లి కొడుకును కూర్చోబెట్టి చెప్పిన మాటలవి. పెళ్లికొడుకు పక్కనే నిలబడి ఉంటాడు, చేతిలో పూలగుత్తి పట్టుకుని. పాస్టరు గారి వేలు ఆ పేజీ మీద కాస్త పైకి జరిగితే చాలు.